ఊరికి పోయిండు

మా ఆయన సూర్యనారాయణ గారికి ఈ లోకంలో రెండే రెండు ముఖ్యం. ఒకటి పొద్దున్నే వేడివేడి కాఫీ, రెండోది గల్లీ మొదట్లో ఉన్న నల్లబోర్డు. నేను ఎన్నోదాన్నో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తారని భయం.

టెలిఫోన్స్‌లో రిటైరైన మర్నాడే కాలనీ సంఘం వాళ్ల వెంటపడి కమ్యూనిటీ హాలు గోడకు ఆ బోర్డు పెట్టించుకున్నారు. నీళ్లు ఎప్పుడొదులుతారు, కరెంటు ఎంతసేపు తీసేస్తారు, ఏ మ్యాన్‌హోల్ మూత ఊడిపోయింది, ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో చావు, అన్నీ తెల్లారేసరికి గుండ్రటి అక్షరాల్లో దాని మీద ఉండేవి. కాలనీకి వాట్సాప్ గ్రూపు వచ్చాక ఈ సుద్దముక్కల గోల వదులుతుందనుకున్నాను. వదల్లేదు సరికదా, సంఘం సెక్రటరీ అచ్యుతరావు గారు రోజూ బోర్డును ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. గ్రూపులో ఎవరేం రాసినా జనం "బోర్డు మీద ఉందా?" అని అడిగేవాళ్లు. ఉంటే నిజం, లేకపోతే గాలి కబురు.

మాది అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక, కోచింగ్ సెంటర్ల సందుల్లోంచి లోపలికి వస్తే తగిలే పాత గల్లీ. మేం వచ్చినప్పుడు అన్నీ పెరడున్న ఇళ్లే. ఇప్పుడు ఏవో కొన్ని మిగిలాయి, తక్కినవన్నీ హాస్టళ్లు. ఆ ఏడు ఎండాకాలం చివర్లో గల్లీలో ఇంకో హాస్టల్ కోసం గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. కింద రెండు సెల్లార్లట. తొంగిచూస్తే కళ్లు తిరిగేంత లోతు. ఆషాఢం వచ్చి వానలు పట్టుకున్నా పని ఆపలేదు.

ఒకరోజు తెల్లవారగానే గొయ్యి గోడ విరిగి పడింది. మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. మేం గొడుగులు పట్టుకుని వెళ్లేసరికి పోలీసులు తాడు కట్టేశారు. లోపలి నుంచి ఒక కూలీని తీసి అంబులెన్స్‌లో పెట్టారు. ఆ మనిషి అప్పటికే లేడు.

మర్నాడు ఈయన బోర్డు మీద "గోతిలో మట్టి కూలి ఒక కూలీ మృతి" అని రాస్తున్నారు. కాఫీ చల్లారిపోతోందని పిలవడానికి నేనూ అక్కడికి వెళ్లాను. అప్పుడే పర్శరాములు మెడలో టేపుతో వచ్చి నిలబడ్డాడు. గోతికి సరిగ్గా ఎదురుగా ఉన్న చిన్న దర్జీ దుకాణం అతనిది. సిరిసిల్ల నుంచి వచ్చి, మా గల్లీలో మూడు తరాల జాకెట్లూ లాగులూ కుట్టిన మనిషి. మాట తక్కువ.

"సార్, ఒక్కడు గాదు. ఇద్దరు" అన్నాడు.

"ఎవరు చెప్పారయ్యా?"

"ఎవలో చెప్పుడేంది సార్, నేనే సూసిన. పొద్దుగాల షట్టర్ లేపుతుంటె ఇద్దరు దిగిన్రు. ఒకాయన్ని తీసిన్రు. ఇంకొక పిలగాడు కిందనే ఉన్నడు. పోలీసులు రాకముందే మీదికెల్లి జేసీబీతోని మట్టి నూకిన్రు."

 ఈయన 'ఒక కూలీ' అన్నది చెరిపి 'ఇద్దరు కూలీలు' అని రాశారు. పక్కన 'చూసినవారు చెప్పిన మాట' అని చేర్చారు. మనకెందుకండీ ఈ తలనొప్పి అన్నాను ఇంటికొచ్చాక. "చూసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్తుంటే ఎలా మానేస్తాను సీతా?" అన్నారు. ఆయన అంత మెల్లగా మాట్లాడారంటే ఇంక వాదించి లాభం లేదని నాకు తెలుసు.

మధ్యాహ్నం ఆ సైటు మేనేజర్ మా ఇంటికి వచ్చాడు. విక్రమ్ అని, ముప్ఫై ఏళ్లుంటాయేమో. చెప్పులు గేటు బయటే విప్పి, కాళ్లు తుడుచుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. నేనిచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు తిరిగి నా చేతికే ఇచ్చాడు. అంత మర్యాదస్తుణ్ణి ఈమధ్య చూడలేదు.

"అంకుల్, రెండోడు ఊరికి పోయిండు. వాళ్ల అమ్మకు బాగలేదని ముందు రోజే పోయిండు. మీరు ఇద్దరని రాసిన్రు. పెద్దోళ్లు, పొరపాటు అయితది. జర మార్చుండ్రి."

"తప్పకుండా బాబూ. అతను ఊరి నుంచి రాగానే తీసుకురా. కళ్లారా చూసి మారుస్తాను" అన్నారు ఈయన.

విక్రమ్ నవ్వాడు. వెళ్తూ వెళ్తూ మా గులాబీ కుండీల దగ్గర ఆగి, "మస్తు పూసినయి ఆంటీ" అన్నాడు. పువ్వు మెచ్చుకుంటే సంతోషించాల్సింది పోయి, అతను వెళ్లగానే గేటుకు గొళ్లెం పెట్టాను.

ఆ వారంలోనే పర్శరాములు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి తను చూసింది రాయించి వచ్చాడు. కోర్టుకు పిలిస్తే కూడా చెప్తానన్నాడు. అతను స్టేషన్‌లో అన్న మాటలు అన్నట్టుగా సాయంత్రానికి విక్రమ్ నోట వినిపించాయి. "పిలగాడు కిందనే ఉన్నడు, గదేనా కాకా నువ్వన్నది?" అని దుకాణం ముందు నిలబడి అడిగాడట. అప్పటి నుంచి రోజూ వచ్చి దుకాణంలోని స్టూలు మీద కూర్చునేవాడు. అరవడు, బెదిరించడు. టీ తెప్పించి పర్శరాములుకు కూడా ఇప్పిస్తాడు.

ఒకరోజు నేను జాకెట్ గుడ్డ ఇద్దామని వెళ్లాను. విక్రమ్ చొక్కా కుట్టించుకుంటానని చేతులు చాపి నిలబడ్డాడు. పర్శరాములు భుజాలు కొలిచాడు, ఛాతీ కొలిచాడు, మెడ కొలిచాడు. అయిపోయాక విక్రమ్ ఆ టేపు అతని చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"అందరివీ కొలుస్తవు. నీది ఎవరన్న కొలిచిన్రా కాకా?"

 విక్రమ్ టేపును అతని మెడ చుట్టూ వేసి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, వంగి అంకె చూశాడు. "సన్నగుంది" అన్నాడు. టేపు మడిచి మిషన్ మీద పెట్టి, నాకు నమస్తే ఆంటీ అని చెప్పి వెళ్లిపోయాడు. పర్శరాములు భార్య మణెమ్మ లోపల కాజాలు కుడుతోంది. ఆమె చేతిలో సూది అలాగే ఆగిపోయింది. నేను ఆ గుడ్డ ఇవ్వకుండానే తిరిగి వచ్చేశాను. 

ఇది జరిగిన మర్నాడు పొద్దున ఒకటే వాన. మా వరండా రేకుల మీద ఎవరో కంకర పోస్తున్నట్టు మోత. ఈయన ఫోన్ మోగింది. ఈయనకు ఒక చెవి సరిగ్గా వినపడదు. కొని ఇచ్చిన మెషీన్ డబ్బాలో ఉంటుంది, చెవిలో ఉండదు. వినపడని ఆ చెవికే ఫోన్ పెట్టుకోవడం ఇంకో అలవాటు. నేను వంటింట్లోంచి ఈయన మాటలు మాత్రం విన్నాను.

"ఎవరూ... మణెమ్మా? ఏంటమ్మా ఏడుస్తున్నావు? ... సిరిసిల్లలోనా? ... అయ్యో, అయ్యో. ఎప్పుడూ?"

ఫోన్ పెట్టేసి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "సీతా, పర్శరాములు పోయాడు" అన్నారు.

చేతిలో గరిటె అలాగే పెట్టుకుని కూర్చుండిపోయాను. నిన్న మెడకు టేపు చుట్టించుకున్న మనిషి. పోయినేడాది గుండెనొప్పితో ఆసుపత్రిలో కూడా ఉన్నాడు. ఊరికి వెళ్లాడట, అక్కడే ప్రాణం పోయిందట. ఈయన వాన తగ్గగానే బోర్డు దగ్గరికి వెళ్లి, "దర్జీ శ్రీ కొండ పర్శరాములు గారు సిరిసిల్లలో స్వర్గస్థులైనారు" అని రాశారు. అచ్యుతరావు గారు ఫొటో తీశారు. కాసేపటికే దుకాణం షట్టర్‌కు ఎవరో పూలదండ కట్టారు. గ్రూపు నిండా దండం బొమ్మలు.

మధ్యాహ్నం మణెమ్మ ఆటో దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. యూసుఫ్‌గూడలో చెల్లెలి దగ్గరుందట. నేను ఎదురెళ్లి పట్టుకుని ఏడవబోయాను. ఆమె నన్ను వెనక్కి నెట్టి నా ముఖం చూసింది.

"ఏమైందమ్మా? దుకాణం మీద దండేంది? ఎవలు సచ్చిన్రు?"

అప్పుడు బయటపడింది సంగతి. ఆమె ఫోన్‌లో చెప్పింది ఇదీ: "మా ఆయన పొద్దుగాల బస్సుకు సిరిసిల్లకు పోయిండు సార్. మీకు చెప్పుమన్నడు. ఇగ ఇప్పట్ల రాడు." రేకుల మోతలో, ఆమె ఏడుపులో, ఈయనకు చేరింది మూడు ముక్కలు. సిరిసిల్ల, పోయిండు, ఇగ రాడు. మా వైపు మనిషి ఊరికి వెళ్తాడు, పోతే మాత్రం ప్రాణం పోయినట్టే. వీళ్లవైపు ఊరికీ పోతారు, బజారుకీ పోతారు, సాయంత్రానికి ఇంటికొస్తారు. ముప్ఫై ఏళ్లు అమీర్‌పేటలో ఉన్నా మా ఆయన చెవి మాత్రం మా సొంతూరు తణుకులోనే ఉండిపోయింది.

"మీ చెవులు తగలెయ్య! బతికున్న మనిషిని బోర్డెక్కించారు కదండీ" అని నేను మొదలుపెట్టాను.  ఈయన వంటింట్లోకి వెళ్లి గుడ్డ తడిపి పిండుకుని, చెరపడానికి బయల్దేరారు.

"ఆగుండ్రి సార్" అంది మణెమ్మ.

ఆగారు.

"విక్రమ్ సూసిండా బోర్డు?"

"చూశాడు. బండి ఆపి, చదివి, దండం పెట్టుకుని వెళ్లాడు. నేను అక్కడే ఉన్నాను."

మణెమ్మ కుర్చీలో కూర్చుంది. పైట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. బయట ఎవరో పిల్లలు హాస్టల్ మెట్ల మీద నవ్వుకుంటున్నారు.

"అయితే ఉండనియ్యుండ్రి. తుడువకుండ్రి."

"ఏంటమ్మా నువ్వనేది?" అన్నారు ఈయన. "తప్పు రాశాను, దిద్దుకోవాలి."

"రాత్రి మా ఇంటి ముంగట బండ్లు ఆగినయి సార్. అందుకే పోయిండు. పోయినా ఏడికి పోయిండో దేవులాడుతరు. సచ్చినోన్ని ఎవలు దేవులాడుతరు?"

స్టేషన్‌లో చెప్పిన మాట సాయంత్రానికి గల్లీకి చేరిన సంగతి ముగ్గురికీ తెలుసు. ఇంక ఎవరి దగ్గరికి వెళ్లమని చెప్పను? అయినా ఊరుకోలేక అన్నాను. "మణెమ్మా, బోర్డు అలా ఉంచితే నువ్వు..." నా చూపు ఆమె నుదుటి మీదికి పోయింది. పెద్ద బొట్టు పెట్టుకుంటుందామె, రూపాయి బిళ్లంత. నేను ఏం చూస్తున్నానో ఆమెకు అర్థమైంది.

"గది నేను సూసుకుంట" అంది.

ఈయన తడిగుడ్డను కిటికీ ఊచలకు ఆరేశారు. ఆ పూట అన్నం తినలేదు.

మణెమ్మ సిరిసిల్ల వెళ్లి, దినాలన్నీ అయ్యాయనిపించేదాకా మరిది ఇంట్లో ఉండి తిరిగి వచ్చింది. ముందు మా ఇంటికే వచ్చింది. నుదుట ఏమీ లేదు, చేతులకు ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. కొంగు ముడి విప్పి పుస్తెలు, మెట్టెలు నా చేతిలో పోసింది. "మీ దేవుని తాన పెట్టుండ్రమ్మా. దీపం పెట్టినప్పుడు పుస్తెలకు గింత పసుపు రాయుండ్రి" అంది. మర్నాటి నుంచి రోజూ రాశాను. నా సూత్రాలకు రాసుకోవడం మర్చిపోయిన రోజు ఉందేమో గానీ, వాటికి మర్చిపోలేదు.

పరామర్శకు విక్రమ్ వచ్చిన రోజు నేను మణెమ్మ పక్కనే కూర్చున్నాను. యాపిల్ పళ్లు తెచ్చాడు. చెప్పులు బయటే విప్పాడు.

"ఎట్లయిందమ్మా?"

"గుండె ఆగింది బిడ్డా."

"దినాలు మంచిగ అయినయా?"

"అయినయి."

అలా అడుగుతూనే ఆమె నుదురు చూశాడు. తర్వాత మెడ. తర్వాత చేతులు. చివరికి పాదాల దగ్గర చూపు ఆపి, మెట్టెలు లేని వేళ్లను చూసి, లేచాడు. "ఏమన్న అవసరముంటె ఫికర్ చెయ్యకుండ చెప్పుండ్రి" అన్నాడు. అతను వెళ్లాక మణెమ్మ ఆ పళ్లను ముట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. అవి అలాగే కుళ్లాయి.

ఆ తర్వాత గల్లీలో అంతా మామూలే. గొయ్యిలో సిమెంటు పోశారు. మణెమ్మ ఒక్కతే మిషన్ తొక్కుతూ కాజాలు, అంచులు కుట్టుకుంటోంది. పర్శరాములు నా ఫోన్‌కు చేసేవాడు. ఆమె మా వంటింట్లో పీట మీద కూర్చుని మాట్లాడేది. "మిషన్‌కు నూనె ఏసినవా?" ఇదే అతని మొదటి ప్రశ్న ఎప్పుడూ. ఆమె బొట్టు సంగతి అతనికి చెప్పలేదు, తీసింది తిరుగు బస్సెక్కాకేనట. తను బోర్డు మీద చచ్చిపోయిన సంగతి కూడా అతనికి తెలియదు. మరిది ఇంట్లో వాళ్ల చేత కూడా ఒట్టు వేయించిందట.

వినాయక చవితి నిమజ్జనాలు అయిపోయాక అచ్యుతరావు గారు ఒక కబురు తెచ్చారు. గొయ్యి కేసులో రెండో కూలీ విషయం వదిలేశారట. సాక్షి చనిపోయాడు కాబట్టి ఒక్కడే మృతి అని రాసుకున్నారట. ఈయన విని తలూపారు. ఆ సాయంత్రం మణెమ్మ మా వంటింట్లో ఉండగా పర్శరాములు ఫోన్ చేస్తే, నేను వద్దని సైగ చేస్తున్నా వినకుండా ఫోన్ లాక్కున్నారు. ఈసారి మంచి చెవికే పెట్టుకున్నారు.

"పర్శరాములూ, నా వల్ల ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టి, మొత్తం చెప్పేశారు. బోర్డు, దండ, దినాలు, మణెమ్మ నుదురు, కేసు, అన్నీ. అవతల నుంచి ఒక్క మాటే గట్టిగా వినపడింది. 

"మా ఆమెకు ఇయ్యుండ్రి సార్."

మణెమ్మ ఫోన్ తీసుకుంది. అతను ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె మాత్రం "మరి ఏం జెయ్యాలె? నువ్వు బతకాలె గదా" అని ఒక్కసారి అంది. తర్వాత చాలాసేపు విని, ఫోన్ నా చేతికిచ్చింది. స్పీకర్ నొక్కాను.

"సీతమ్మా, ఆ పిలగాని తల్లి ఇంకా కొడుకు వస్తడనే సూస్తుండొచ్చు. ఆమెకు చెప్పేటోడు ఎవడు? బతుకమ్మ అయినంక వస్త. సక్కగ కోర్టుకే పోయి నిలబడ్త. సార్‌ను నా ఎంబడి రమ్మనుండ్రి."

"వస్తాను" అన్నారు ఈయన, నేను అడగకముందే. నాకు భయం వేసింది, కానీ చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఈయన నిద్రపోయారు.

దసరా సెలవుల్లో అచ్యుతరావు గారు కుటుంబంతో వేములవాడ దర్శనానికి వెళ్లారు. ఆయన ఎక్కడికి వెళ్లినా గ్రూపుకు నైవేద్యం పెట్టందే తినరు. గుడి ఫొటో, కోడె మొక్కు ఫొటో, మనవరాలి ఫొటో వరసగా వచ్చాయి. సద్దుల బతుకమ్మకు ముందు రోజు నేను పువ్వులు విడదీస్తూ ఫోన్ చూస్తున్నాను. ఇంకో ఫొటో వచ్చింది. ఒక టీ బండి. పక్కన నిలబడి గ్లాసు ఊదుకుంటున్న మనిషి. కింద ఆయన రాత: "సిరిసిల్లలో టీకి ఆగాం. ఈయన్ని చూసి నా గుండె ఆగినంత పనైంది. అచ్చు మన పర్శరాములే. దేవుడి లీల!"

నవ్వు బొమ్మలు వచ్చాయి. దండం బొమ్మలు వచ్చాయి. ఎవరో "పాపం మంచి మనిషి" అని రాశారు. విక్రమ్ కూడా మా గ్రూపులో ఉన్నాడు, సైటు వల్ల దుమ్మూ ధూళీ అని కాలనీ వాళ్లు ఫిర్యాదు చేస్తే చూసుకోవడానికి సంఘం వాళ్లే చేర్చారు. అతను నవ్వు బొమ్మ పెట్టలేదు. "ఎక్కడ అంకుల్ ఇది?" అని అడిగాడు. అచ్యుతరావు గారు బస్టాండు పక్కనే అని, ఎదురుగా ఏ దుకాణం ఉందో కూడా రాశారు. విక్రమ్ చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

నేను ఫోన్ చేసి అది తీసెయ్యండి అన్నయ్య గారూ అని బతిమాలాను. "ఏంటండీ, సరదాగా పెట్టాను" అంటూనే తీసేశారు. తీసేసి ఏం లాభం?

పర్శరాములుకు చెప్పాను. అక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్లిపొమ్మన్నాను.

"ఇగ దాక్కునుడు నాతోని గాదమ్మా. రేపు పొద్దుగాల బస్సుకే వస్తున్న. సార్‌ను జూబ్లీ బస్టాండుకు రమ్మనుండ్రి. నా బట్టలు మంచియి లెవ్వు, కోర్టుకు పోవాలంటె ఒక అంగి ఇస్త్రీ చేసి పెట్టుమనుండ్రి మా ఆమెను."

మర్నాడు వాళ్ల తమ్ముడు బస్సెక్కించి ఫోన్ చేశాడు. మణెమ్మ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని మా వరండాలో కూర్చుంది. ఈయన బస్టాండుకు వెళ్లారు. సిద్దిపేట దాటానని పర్శరాములు ఒకసారి చేశాడు. ఆ తర్వాత చేస్తే స్విచాఫ్. గల్లీలో ఆడపిల్లలు బతుకమ్మలు పట్టుకుని హాలు ముందుకు వెళ్తున్నారు. పాట మొదలైంది, చప్పట్లు మొదలయ్యాయి. ఈయన చీకటి పడ్డాక ఒక్కరే వచ్చారు. సిరిసిల్ల నుంచి వచ్చిన ప్రతి బస్సూ చూశారట. ఒక కండక్టరు మాత్రం, అలాంటి మనిషి దారిలో ఎవరో ఇద్దరితో కలిసి దిగాడని చెప్పాడట. తెలిసినవాళ్లే అనుకున్నాడట.

మణెమ్మ మరుసటి రోజు పొద్దున స్నానం చేసి వచ్చింది. "నావి నాకియ్యుండ్రమ్మా" అంది. దేవుడి దగ్గర నుంచి తీసి ఇచ్చాను. పుస్తెలు వేసుకుంది, మెట్టెలు పెట్టుకుంది, నా అద్దం ముందు నిలబడి కుంకుమతో ఇదివరకంత బొట్టు పెట్టుకుంది. గల్లీలో నడుస్తుంటే అందరూ ఆగి చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ముగ్గురం స్టేషన్‌కు వెళ్లాం.

ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రాడు. మాకు కుర్చీలు వేయించాడు. మణెమ్మ చెప్పింది చెప్పినట్టు విన్నాడు. ఇంతలో పక్కనున్న కానిస్టేబుల్ వంగి అతని చెవిలో ఏదో చెప్పి, తన ఫోన్ చూపించాడు. ఎస్సై ఆ ఫోన్‌ను ఈయన ముందు పెట్టాడు. మా బోర్డు ఫొటో.

"ఈ రాత మీదేనా అంకుల్?"

"నాదే."

"ఇది అబద్ధమా?"

"అబద్ధమే."

"మీరు రాసిన అబద్ధం ఇన్ని నెలలు ఉంచిన్రు. ఇప్పుడు మీరు చెప్పేది నిజమని నేనెట్ల నమ్మాలె?"

ఈయన ఆ ఫోన్‌ను మెల్లగా ఎస్సై వైపు జరిపారు.  

"మా ఆయనను బస్సెక్కించిన అని మా మరిది చెప్తడు సార్. గీ అమ్మ ఫోన్ల ఆయన మాట్లాడిండు" అంది మణెమ్మ.

"అమ్మా, నువ్వు బొట్టు లేకుండ మిషన్ కుట్టుకునుడు మావోళ్లే చూసిన్రు. దినాలు చేసినవు. గల్లీ మొత్తం వచ్చిపోయిన్రు. కోర్టు కాయితంల సుత చనిపోయిండనే ఉంది. ఇప్పుడు బొట్టు పెట్టుకొచ్చి తప్పిపోయిండు అంటె నేనేమని రాసుకోవాలె? సచ్చిపోయినోడు తప్పిపోయిండని రాసుకోవాల్నా?" గొంతు పెంచలేదు అతను. నిజంగానే తెలియక అడుగుతున్నట్టుంది. తర్వాత కొంచెం జాలిపడ్డాడు కూడా. "ఇంటికి పోండి. బతికే ఉంటే ఏదన్న ఊరికి పోయి ఉంటడు. వస్తడు."

ఊరికి పోయిండు. ఆ గొయ్యిలో ఉన్న పిల్లవాడి గురించి మా ఇంట్లో కూర్చుని విక్రమ్ అన్న మాట అదే. 

బయటికి వచ్చాక ఈయన ఆటో ఎక్కలేదు. "మీరు వెళ్లండి, నేను నడుస్తాను" అని పంజాగుట్ట చౌరస్తా వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు. పిలిచాను. చెవికి వినపడలేదో, వినపడిందో తెలియదు. ఆ రోజు నుంచి ఈయన ఆ గోడ వైపు వెళ్లలేదు. పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని చల్లారేదాకా చూస్తూ కూర్చుంటారు. వేడి చేసి ఇస్తే అదీ చల్లారుతుంది.

ఆటోలో మణెమ్మ, నేను. ఫ్లైఓవర్ కింద బండ్లు ఇరుక్కుపోయి హారన్లు కొడుతున్నాయి. ఆమె చెయ్యి ఎత్తి నుదుటి దాకా తెచ్చింది, బొట్టును ముట్టుకోకుండా అక్కడే ఆపింది.

"సీతమ్మా, అందరికీ అన్నీ చెప్తరు. నాకొక్కటి చెప్పుండ్రి. ఇది ఉంచుకోవాల్నా, తియ్యాల్నా?"

ఈ గల్లీలో నా నోటికి భయపడని మనిషి లేదు. ఎవరికి ఏం చెప్పాలో ఎప్పుడూ వెతుక్కోలేదు. ఆటో కదిలింది, మళ్లీ ఆగింది. అమీర్‌పేట వచ్చేదాకా ఆమె నా నోటి వంకే చూస్తూ ఉంది.